టెంకాయ కుస్తీ, వెండి కడియం

తొడ కొట్టడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు సినిమావాళ్లు నేర్పినారు. హీరో తొడ కొడతాడు, వెనక సుమోలు గాల్లోకి లేస్తాయి, వేటకొడవలి మెరుస్తుంది, వాడి వెంట యాభైమంది. 1999లో సమరసింహారెడ్డి సినిమా ఆడిన ఆట చూసి ఆ తర్వాత కొన్నేండ్లు వరుసబెట్టి అట్లాంటి సినిమాలే తీసినారు. కర్నూలు, కడప పేరు చెబితే బయటి జిల్లాల్లో పెండ్లి పందిట్లో కూడా మనిషిని ఎగాదిగా చూసే రోజులొచ్చినాయి. అది సరే, ఎవరి వ్యాపారం వాళ్లది. నా ఒళ్లు మండేది ఇంకొకందుకు. తొడ చరచడం కుస్తీ గోదాలో జెట్టి చేసే పని. దాన్ని తీసుకుపోయి కొడవలి పట్టినవాడి చేతికి ఇచ్చినారు.

గోదాలో తొడ చరిచేవాడి ఒంటి మీద లంగోటా తప్ప నూలుపోగు ఉండదు. కత్తి దాచడానికి చోటు లేదు, వెనక మనుషులు లేరు. చెయ్యి పైకెత్తి గోదా చుట్టూ ఒకసారి తిరిగి, తొడ చరిచి నిలబడితే, నాతో పట్టు పట్టేవాడుంటే రండి అని ఊరందరి ముందర పిలిచినట్టు. దిగినవాడితో ముందు చేతులు కలుపుతాడు. పిడికెడు మన్ను తీసి వాడి భుజాల మీద చల్లుతాడు, వాడూ వీడి మీద చల్లుతాడు. చెమట ఒంటి మీద చెయ్యి జారకూడదని. తనను పట్టుకోవడానికి ఎదుటివాడికి తానే పట్టు ఇచ్చే ఆట అది. ఓడినవాడు లేచి గెలిచినవాడి వస్తాదు కాళ్లకు కూడా మొక్కి పోయేవాడు.

మా రోజుల్లో తిరునాళ్లంటే, ఉరుసంటే, పొద్దు వాలే వేళకు కుస్తీలు ఉండాల్సిందే. ముందు పిల్లోళ్ల టెంకాయ కుస్తీలు. పది పన్నెండేండ్ల పిల్లోళ్లు తప్పెట్ల మోతకు ఊగుతా దిగేవాళ్లు. గెలిచినోడికి ఒక టెంకాయ, అంతే. ఆ టెంకాయను వాడు ఇంటికి మోసుకుపోతుంటే వీధి అరుగుల మీద కూర్చున్న ముసలోళ్లంతా ఆపి, ఏ పట్టు వేసినావురా అని అడిగేవాళ్లు. తర్వాత పంచె, తలగుడ్డ, ఐదు రూపాయలు, పది రూపాయలు. చివరాఖరికి, పెట్రోమాక్సు లైట్లు ముట్టించిన తర్వాత, వెండి కడియం. కడియానికి దిగేవాణ్ణి వాడి పేరుతో పిలిచేవాళ్లు కాదు, ఊరు పేరుతో పిలిచేవాళ్లు. బళ్లారి పక్క నుంచి వచ్చేవాళ్లు, రాయచూరు నుంచి వచ్చేవాళ్లు. మా మేనమామ ఊరు పెన్న ఒడ్డున, కడప జిల్లాలో. అక్కడి తిరునాళ్లకు మా కర్నూలు పక్కవాడు దిగితే నేను మేనమామ ఇంట్లో అన్నం తింటా కూడా మా జిల్లావాడి వైపే అరిచినా. మా అత్త నవ్వింది గానీ మామ ఆ పూట నాతో మాట్లాడలేదు. అంత పట్టింపుగా ఉండేది.

జోడు కలపడం అని ఒకటుండేది. ఎవరికి ఎవరు సరిజోడో చూసి దింపడం. కాటా లేదు, కొలత లేదు. ముసలి వస్తాదులు ముగ్గురు గోదా గట్టున కూర్చొని, మెడ చూసి, తొడ చూసి, నడక చూసి, వీడికి వాడు అని వేలు చూపేవాళ్లు. వీపు మన్నుకు ఆనితేనే ఓటమి. రెండు భుజాలూ తాకాల. ఎంతసేపైనా సరే. తేలకపోతే బరాబర్ అని విడిపించి, బహుమతి చెరిసగం పంచేవాళ్లు. ఇప్పుడు ఒలింపిక్స్ లెక్క వేరు. పరుపు మీద మూడేసి నిమిషాల రెండు విడతలు, పాయింట్లు, పది పాయింట్ల తేడా వస్తే ఆట ముగిసినట్టే. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగాట్ ఫైనల్ దాకా పోయి, పొద్దున కాటా మీద 100 గ్రాములు ఎక్కువ తూగిందని పతకం లేకుండా వెనక్కొచ్చింది. అదే ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ రాత్రికి రాత్రి 4.6 కిలోలు దించుకొని 57 కిలోల కంచు పతకం తెచ్చినాడు. తిని బలం పెంచుకొమ్మని మాకు చెప్పినారు. తినకుండా, నీళ్లు కూడా తాగకుండా రాత్రంతా పరుగెత్తే మల్లుణ్ణి మేము ఎరగం. బరువుల వర్గాలు బక్కవాడిని కాపాడడానికే పెట్టినారు, ఆ సంగతి ఒప్పుకుంటా. అయినా ఆ వినేశ్ బిడ్డ ఏడుపు టీవీలో చూసిన పొద్దు నాకు అన్నం సయించలేదు.

తాలింఖానా, అదే తాలీం, దాని గురించి చెప్పాల. కర్నూలు పాతబస్తీలో, ఆదోనిలో, కడపలో, ప్రొద్దుటూరులో తాలింఖానాలు. పల్లెల్లో గరిడీ అనేవాళ్లం. పెద్ద కట్టడమేమీ కాదు. మూడు గోడలు, పైన బోద కప్పు, నడిమధ్య ఇరవై అడుగుల చదరం గోదా. గోదా మన్ను ఊరికే రాదు. చెరువు గట్టున దొరికే ఎర్రమన్ను తెచ్చి, రాయిరప్పా లేకుండా పిండి జల్లించినట్టు జల్లించి, నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ, యాపాకు పొడి కలిపి తొక్కాల. దెబ్బ తగిలిన చోట ఆ మన్నే మందు. దాన్ని ప్రతి పొద్దూ తవ్వాల. తవ్వకపోతే రెండు దినాలకే గట్టిబడి నడుములు విరుగుతాయి. మొదటి ఏడాది పిల్లోడికి కుస్తీ నేర్పరు, పార ఇస్తారు. కోడి కూతకు వచ్చి గోదా ఈ చివర నుంచి ఆ చివరకు తవ్వి, చదును చేసి, నీళ్లు చిలకరించి, పక్కన నిలబడాల. ఆ తర్వాత దండీలు, బస్కీలు, చెక్క గదలు తిప్పడం, మోకు ఎక్కడం. పట్టు నేర్పడం ఆ తర్వాతెప్పుడో. ధోబీపాట వేసి మనిషిని భుజం మీద నుంచి విసిరేయడం చూసి మురిసిపోయి వచ్చినవాడు పార చూసి పారిపోతే, పోనీ అనేవాడు వస్తాదు.

మా వస్తాదు సాయిబు. ఆయన దగ్గర నేర్చినవాళ్లలో రెడ్లు, బోయలు, కురవలు, సాయిబులు, మాలమాదిగల పిల్లలు, కోమట్ల పిల్లోడొకడు. గోదా గోడకు ఆంజనేయస్వామి పటం ఉండేది. దిగేముందు కొందరు జై బజరంగబలి అనేవాళ్లు, కొందరు యా అలీ అనేవాళ్లు, అన్నీ కలిపి అనేవాళ్లూ ఉండేవాళ్లు. పీర్ల పండుగ వస్తే ఆ పిల్లోళ్లే కర్రసాము చేసుకుంటా పీర్ల ముందర నడిచేవాళ్లు. బయట ఎన్ని అంటుముట్లు ఉన్నా గోదాలో ఒకరి చెమట ఒకరికి అంటాల్సిందే. అట్లా అంటిన చోటు ఆ రోజుల్లో మా ఊళ్లో ఇంకొకటి లేదు, నేను గుండె మీద చెయ్యేసుకొని చెప్తా.

సంతలో ఎవడితోనన్నా తగువు పెట్టుకొని చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే వాడికి నెలరోజులు గోదా లేదు. బయట కూర్చొని అందరి లంగోటాలు ఉతకాల. "నీ బలం నీ సొంతం కాదురా అబ్బోడా, నీకు పాలు పోసినోళ్లది" అని వస్తాదు అనేవాడు. ఆ మాట ఊరికే అనలేదు. మా ఊళ్లో కడియానికి దిగేవాడికి పాలు వంతుల లెక్కన వచ్చేవి. ఎనుము ఈనిన ప్రతి ఇల్లూ తన వంతు రోజున చెంబెడు పాలు పంపాల. బాదం పప్పు మా సీమలో ఎవరికి దక్కేది? మా బాదం పప్పు శనక్కాయలే. నానబెట్టిన శనగ విత్తనాలు, బెల్లం, సంగటి, జొన్నరొట్టె, వారానికొకసారి పొట్టేలు కాళ్ల చారు. దానికి బదులు వాడు ఊరికి పడి ఉండాల. బురదలో దిగబడిన బండిని లేపాల. బావిలో పూడిక తీసేప్పుడు ముందు దిగాల. పాడె మోసేదానికి మనిషి తక్కువైతే వాడే భుజం పట్టాల. వస్తాదు భుజం జారినవాళ్లకు, మెడ పట్టేసినవాళ్లకు నూనె రాసి సరిచేసేవాడు, కాసు తీసుకోకుండా. అట్లా నరాల నొప్పులకు మర్దన చేసే తెలుగు జెట్టీల గురించి 1909లోనే థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద వేసిన తన పుస్తకంలో రాసిపెట్టినాడు.

ఇది మా తాతముత్తాతల నాటిది కూడా కాదు, ఇంకా వెనకది. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆ మీదట గుర్రమెక్కేవాడని రాసినాడు. ఆ వెనక వచ్చిన గుర్రాల వర్తకుడు నూనిజ్, మహర్నవమి పండుగకు రాజు దగ్గర వెయ్యిమంది మల్లులు ఉన్నారని లెక్క చెప్పినాడు. ఆదోని, గండికోట ఆ రాజ్యంలోవే. ఆ రోజు మొదలు వస్తా ఉన్న గోదా నా కళ్ల ముందర ఎండిపోయింది. మైసూరులో ఇంకా దసరాకు కుస్తీలు పెడతారు, విజయదశమి నాడు ప్యాలెస్‌లో జెట్టీలు వజ్రముష్టి అనే కుస్తీ ఆడతారు. విజయనగరం నుంచి పోయిన ఆచారాన్ని వాళ్లు కాపాడుకున్నారు. మనం?

మా మనవడు కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడితో ఈ మాట అంటే వాడికి జవాబులు తయారుగా ఉంటాయి. "తాతా, కాలం మారింది. టీవీ వచ్చింది, ఫోన్ వచ్చింది, ఎవరు చూస్తారు మన్నులో కుస్తీ?" అంటాడు. టీవీ వచ్చిన మాట నిజమే. కేబుల్ వచ్చిన కొత్తలో మా వీధి పిల్లలంతా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు పట్టుకొని తిరిగేవాళ్లు. అండర్‌టేకర్ ఎత్తెంత, బరువెంత అన్నీ నోటికొచ్చు. అదే వీధి చివర తాలీంలో నలభై ఏండ్లు పిల్లలకు సాము నేర్పిన మనిషి మంచం పట్టి ఉన్నాడు, ఆయన ఎవరో ఒక్కరికీ తెలియదు. అయితే చూసేవాళ్లు లేక పోయిందంటే మాత్రం నేను ఒప్పను. ఉగాది దాటినాక ఏ ఊరికైనా పోయి చూడు నాయనా, బండలాగుడు పోటీలకు జనం చెట్లెక్కి చూస్తారు.

ఆ పోస్టర్లు చూడండి. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు. మొదటి బహుమతి దాత, రెండో బహుమతి దాత, ఫోటోలు, చేతులు జోడించిన నాయకులు. బహుమతులు లక్షల్లో. ఒంగోలు ఎడ్లను లారీల్లో తెస్తారు, పక్క రాష్ట్రం నుంచీ తెస్తారు. ఆ ఎద్దులకు ఉలవలు, కోడిగుడ్లు, బాదం పప్పు. నాకు ఎద్దుల మీద పంతం లేదు, కాడి కట్టి బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ జీవానికి ఎంత పెట్టినా మన బాకీ తీరదు. నేను అడిగేది ఒకటే. అదే తిరునాళ్లు, అదే తప్పెట్లు, అదే జనం, అదే చందాల పుస్తకం. అందులో మనిషి బిడ్డకు ఒక పేజీ లేకుండా ఎట్లా పోయింది? మనిషి బలాన్ని చూడాలనే ఆశ జనానికి పోలేదు. ఆ బలానికి పాలు పోసే పని ఊరు మానుకుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే, మిగతావి దీని చుట్టూ తిరిగేవే.

ఎందుకు మానుకుంది అంటే, మొదటిది కరువు. మా జిల్లాకు మంచి ఏడు పడే వానే ఆరేడు వందల మిల్లీమీటర్లు, పడమటి పల్లెలకు అదీ లేదు. శనక్కాయ పంట వరుసగా పోయి, మేత లేక ఎనుముల్ని సంతకు తోలినాక చెంబెడు పాలు ఎక్కడివి? కోసిగి, మంత్రాలయం, కౌతాళం పక్క పల్లెలు సంక్రాంతి దాటితే సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. గుంటూరు మిరపచేన్లకు, బెంగళూరు కట్టడాల పనులకు. ముసలోళ్లు, తాళాలు మిగులుతారు. తిరునాళ్ల కాలమూ అదే, సుగ్గి కాలమూ అదే. గోదా తవ్వాల్సిన పిల్లోడు గుంటూరులో మిరపకాయలు తెంపుతున్నాడు. వాణ్ణి నేను ఒక్క మాట అనను.

రెండోది చెప్పడానికి మా సీమవాళ్లు ఇష్టపడరు. వర్గాలు. నాటుబాంబు వచ్చినాక కండకు విలువ పోయింది. ఇరవై ఏండ్లు గోదాలో నలిగినవాణ్ణి కూడా మీసం రాని పిల్లోడు గోడ చాటు నుంచి పడగొట్టగలడు. అంతకన్నా అన్యాయం ఇంకొకటి జరిగింది. ఒళ్లు బాగున్న పిల్లోడు ఎక్కడ కనిపించినా ఏదో ఒక వర్గం వాణ్ణి వెంట తిప్పుకునేది. తాలీంకు పంపితే కొడుకు ఎవరి వెంట పోతాడోనని తల్లులు భయపడినారు. పోలీసులు కూడా నలుగురు పిల్లోళ్లు కర్రలు తిప్పుతుంటే అనుమానంగా చూసినారు. ఎవరినీ కొట్టకూడదని నేర్పే చోటు అట్లా మూతబడింది, కొట్టించేవాళ్ల ఇండ్లు మాత్రం నిండుగా నడిచినాయి. మా ఊరి గరిడీ గోడలు కూలినాక ఆ జాగాలో ఇప్పుడు ట్రాక్టర్లు నిలుపుతున్నారు.

"జిమ్ములు ఉన్నాయి కదా తాతా" అంటాడు మా వాడు. ఉన్నాయి. కర్నూలులో వీధికొకటి. అద్దాలు, ఏసీ, డబ్బాల్లో పొడులు. నెలకింత కట్టి తన కండ తాను అద్దంలో చూసుకొని, ఫోటో తీసుకొని ఇంటికి పోవడం. ఒంటికి మంచిదే, కాదనను. ఆ కండ ఎవరిది, దేనికి, దానికి ఎవరు జవాబుదారీ అని అడిగే వస్తాదు అక్కడ ఉండడు. ఎదుటివాడి ఊపిరి మెడ మీద తగలకుండా పెంచిన బలం ఎంతదో పెంచినవాడికే తెలియదు. వాణ్ణి ఒక్కసారి గోదాలోకి దింపి, సగం బరువున్న సాయిబుల పిల్లోడి ముందర నిలబెడితే తెలుస్తుంది.

మన్ను కుస్తీ పాతబడింది, ఒలింపిక్స్‌కు పనికిరాదు అనే మాట కూడా విన్నాను. స్వతంత్ర భారతానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి వ్యక్తిగత పతకం తెచ్చిందెవరు? ఖాషాబా జాదవ్. 1952, హెల్సింకి, కంచు పతకం. మహారాష్ట్రలో కరాడ్ దగ్గర గోలేశ్వర్ అనే పల్లె మన్నులో పుట్టిన కుస్తీ అది. ఆయన్ను పంపడానికి ఊరివాళ్లు చందాలు వేసుకున్నారు, ఆయన చదివిన కొల్హాపూరు కాలేజీ ప్రిన్సిపాలు తన ఇల్లు తాకట్టు పెట్టినాడు. ఇల్లు తాకట్టు పెట్టి! ఇప్పుడు కొల్హాపూరు పోతే షాహూ మహారాజు 1912లో కట్టించిన ఖాస్‌బాగ్ మైదానం చూడొచ్చు, కుస్తీల కోసమే కట్టిన మైదానం. అంతదూరం ఎందుకు, నిజామాబాదు పక్క పల్లెల్లో ఇప్పటికీ టెంకాయ కుస్తీతో మొదలుపెట్టి వెండి కడియంతో ముగిస్తారు. బోధన్ దగ్గర హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాటకు ముందు కుస్తీలు పడతారు. వాళ్లకూ టీవీలున్నాయి.

మన తెలుగు నేలలో బలవంతులు పుట్టలేదా అంటే వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. మా నాయన ఆయన పేరు చెప్పేప్పుడు చేతులు జోడించేవాడు. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ తల్లి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా రోజుల్లో ఆడపిల్లను గోదా గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. అది మంచి ఆచారం కాదు. 2016లో సాక్షి మలిక్ రియోలో పట్టిన కుస్తీ చూసినాక ఆ గడప ఎవరి కోసం కాపాడినారో నాకు అర్థం కాలేదు. సాక్షి లాంటి, కుస్తీలో పతకాలు తెచ్చిన బిడ్డలే 2023లో న్యాయం కోసం ఢిల్లీ రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. తాలీంలో పెద్దరికానికి కాపలా ఉండాల్సింది వస్తాదు కన్ను. ఆ కన్నే చెడితే ఇంక ఏమి చెప్పేది?

ఇక తమ కుస్తీని కాపాడుకున్న జపాన్ సుమోవాళ్ల సంగతి. మా మనవడే ఫోన్లో చూపించినాడు, చూసి నేను నోరు తెరిచినా. పదిహేను అడుగుల గుండ్రటి మట్టి గోదా. ప్రతి టోర్నమెంటుకు ముందు దాన్ని చేతులతో కొత్తగా కడతారట. నడిమధ్యలో గుంట తీసి బియ్యం, ఉప్పు, ఎండబెట్టిన స్క్విడ్ పెట్టి పూజ చేస్తారట. దిగేముందు పిడికెడు ఉప్పు చల్లుతారు. కాలెత్తి నేలను తొక్కుతారు. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు, ఒక్కొక్కటి పదిహేను దినాలు. వాళ్లకూ చెడ్డరోజులు వచ్చినాయి. 2007లో ఒక టోర్నమెంటుకు చేరడానికి ఒక్క కొత్త పిల్లోడూ రాలేదు. ఇష్టంగా ఓడిపోయి డబ్బు తీసుకున్నారని బయటపడి 2011 మార్చి టోర్నమెంటే రద్దు చేసుకున్నారు. 2006 జనవరి తర్వాత పదేండ్లు జపాన్‌లో పుట్టినవాడు ఒక్కడు కూడా టోర్నమెంటు గెలవలేదు, ఎక్కువగా మంగోలియా పిల్లలే ఎత్తుకుపోయినారు. వాళ్లు ఏం చేసినారు? తప్పు చేసినవాళ్లను బయటికి పంపినారు. మంగోలియావాళ్లను తమ పిల్లల మాదిరే ఇంట్లో పెట్టుకొని తిండి పెట్టినారు. గోదా కట్టడం మాత్రం వదిలిపెట్టలేదు. 2025 అక్టోబరులో లండన్‌కు పోయి రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆడి వచ్చినారు, 1991 తర్వాత మళ్లీ. వాళ్ల గోదాలోకి ఇప్పటికీ ఆడవాళ్లను రానివ్వరు. 2018లో గోదాలో కుప్పకూలిన మేయరును కాపాడడానికి ఎక్కిన ఆడవాళ్లను దిగిపొమ్మని మైకులో చెప్పినారు. ఆ ముచ్చట మనకు వద్దు. నేను చూసి అసూయపడింది వాళ్ల పేర్ల పట్టికను. ప్రతి టోర్నమెంటుకు ముందు ప్రతి మల్లుడి పేరూ, అట్టడుగు కుర్రవాడిది కూడా, కుంచెతో చేత్తో రాసి అచ్చు వేస్తారు. వందల ఏండ్ల పేర్లు ఉన్నాయి వాళ్ల దగ్గర.

మా తిరునాళ్లలో కడియం గెలిచినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? ఏ రికార్డులోనూ లేవు. 1910లో లండన్ పోయిన మల్లుడు గామా పేరు, 1928లో పాటియాలాలో జ్బిస్కో అనే మల్లుణ్ణి నిమిషం లోపల పడగొట్టిన ఆయన కథ మాకు నోటికి తెలుసు, మా వస్తాదు చెప్పినాడు కాబట్టి. మా వస్తాదు ఎవరి దగ్గర నేర్చినాడో, ఆ పెద్దాయన ఏ ఊరివాడో చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు.

బండలాగుడు కమిటీల పెద్దలకు చెప్తున్నా. మీ పోటీలు ఆపమని ఎవరూ అనడం లేదు. ఎద్దుల మొదటి బహుమతిలో పదో వంతు పక్కన పెట్టండి. గుడి వెనకనో దర్గా పక్కనో ఇరవై అడుగుల జాగా చూడండి, పైన నాలుగు రేకులు వేయండి, వాన పడితే మన్ను పాడైపోతుంది. పట్నం నుంచి పరుపులు తెచ్చే పని లేదు, అవి తర్వాత చూసుకోవచ్చు. సుగ్గికి పోని పిల్లలు, బడికి పోయే పిల్లలు చాలు మొదలుపెట్టడానికి, ఆడపిల్లలు కూడా. ఒక గోనె టెంకాయలు తెప్పించండి. గెలిచినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయడానికి ఒక లావుపాటి నోటుబుక్కు కొనండి, ఓడినవాళ్ల పేరు కూడా అందులో రాయండి. వంతు పాలు ఏ ఇంటి నుంచి ఏ దినం రావాలో మొదటి పేజీలో రాయండి. మన్ను ఏ చెరువుది మంచిదో, నూనె ఎంత, మజ్జిగ ఎంత, ఎన్ని దినాలు తొక్కాలో తెలిసినవాళ్లం కర్నూలు, కడప పక్క ఇంకా కొందరం మిగిలి ఉన్నాం. కబురు పెట్టండి, బస్సు చార్జీలు కూడా అడగకుండా వచ్చి కలిపి పోతాం.